పోనీ, సెలైనైనా పెట్టండి

క్యాన్సర్ వార్డులో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ మనుషులు నన్ను ఎక్కువగా అడిగేది నొప్పి గురించి కాదు, తిండి గురించి. "నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదు సిస్టర్. పోనీ, సెలైనైనా పెట్టండి." ఆకలితో పంపించారన్న మాట పడాల్సి వస్తుందని వాళ్ళ భయం. తినకపోవడం వల్ల పోవట్లేదమ్మా, పోయే వేళ దగ్గరపడి ఒంటికి తిండి అక్కర్లేకపోయింది అంటాను. మూత్రం తగ్గిపోయిన ఒంట్లోకి సీసాలకొద్దీ సెలైన్ ఎక్కిస్తే కాళ్ళు వాస్తాయి, గొంతులో తెమడ పెరగొచ్చు. ఈ మాట ఒకసారి చెబితే ఎక్కదు. పెద్దకొడుకుని ఒప్పించేసరికి ఊర్నుంచి మేనమామ దిగుతాడు, మళ్ళీ మొదట్నుంచీ.

అసలు చిక్కు తులసి తీర్థం దగ్గర. మింగే శక్తి పోయిన మనిషికి చెంచాడు నీళ్ళు పోసినా ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. వద్దంటే? కన్నతల్లి గొంతు తడపలేకపోయానన్న బాధ ఆ కొడుకు జన్మంతా మోస్తాడు. అందుకే తీర్థం నేనే తెమ్మంటాను. తలవైపు మంచం కాస్త ఎత్తి, గాజుగుడ్డ ముక్కని తీర్థంలో ముంచి, బాగా పిండి అతని చేతికిస్తాను. పెదవులు, చిగుళ్ళు, బుగ్గల లోపల మెల్లగా అద్దమంటాను. నోరు ఎండకుండా చూడటం ఎలాగూ నా డ్యూటీయే. చేసేది కొడుకు, అంతే తేడా. ఇన్‌టేక్ చార్టులో మాత్రం దీనికి గడి లేదు.

ఇలా చార్టుకెక్కనివాటినీ పట్టించుకుని, 1967లో లండన్‌లో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే. వెన్నునొప్పితో ఆ పని మానుకుని, సోషల్ వర్కరై, ఆ తర్వాత డాక్టరయ్యారు. నొప్పి ఒంటిదే కాదు, మనసుదీ, ఇంటిదీ, నమ్మకాలదీ అని చెప్పింది ఆవిడే. ఆ సంగతి డాక్టరయ్యాకే తట్టిందంటే నేను నమ్మను. పక్కబట్టలు మార్చేటప్పుడే విని ఉంటారు.

ఇంకో సంగతి ముందే చెప్పి పెడతాను. చివరి గంటల్లో కొందరికి గొంతు గరగరలాడుతుంది. మింగలేని తెమడ మీదుగా గాలి ఆడే చప్పుడది. వినేవాళ్ళకున్నంత బాధ సాధారణంగా ఆ మనిషికి ఉండదు. మిషన్ పెట్టి లాగేయమంటారు; గొట్టం లోపలిదాకా దించితే యాతనే ఎక్కువ. ఒక పక్కకి తిప్పి పడుకోబెడితే చాలాసార్లు తగ్గుతుంది, లేకపోతే డాక్టరు రాసిన ఇంజెక్షన్ ఉంది. ఇంత చెప్పాక రాత్రి రెండింటికి పరుగెత్తుకు రారనుకుంటున్నారా? వస్తారు. వెళ్ళి మళ్ళీ అదే చెప్తాను, ఈసారి మంచం పక్కన నిలబడి.