వెలుగుకు గీత గీసిన పనితనం

సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే మైదానం వదిలి ఘాట్ ఎక్కుతుంది. 2022లో ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా విజయనగరం వాళ్లు దాన్ని ఇంకా పరాయి ఊరనుకోరు. మలుపులు, చలికాలపు మంచు, ఎదురొచ్చే లోడు బళ్లు ఉన్న చోట డ్రైవర్లకు హెడ్‌లైట్ల మీద పట్టింపు ఉండటం సహజమే. కాకపోతే ఎక్కువమందికి తెలిసిన వైద్యం ఒకటే, వాట్లు పెంచడం. 100/90 బల్బు బిగించి, కొన్నాళ్లకు హోల్డరు కరిగిందని మళ్లీ మెకానిక్ దగ్గరికి పోవడం.

నేను చూసిన పికప్ యజమాని ఆ దారి పట్టలేదు. ఇంటి వాకిట్లో తన బండి దీపాలు తానే విప్పుకుని బాగుచేసుకున్నాడు. బల్బులు మాత్రం కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల హెచ్4లే. మారిందల్లా వాటి చుట్టూ ఉన్నదే.

మొదట అద్దం. ప్లాస్టిక్ అద్దం మీది పూత ఎండకు చచ్చిపోయి పసుపెక్కింది. నీళ్లు పోస్తూ 800 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 2000 దాకా వెళ్లాడు. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చాడు. పాత గీతలు పోయాయో లేదో అలాగైతేనే తెలుస్తుంది. చాలామంది పాలిష్ పెట్టి మెరుపు చూసి మురిసిపోతారు. పూత లేని ప్లాస్టిక్ కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. ఇతను బండి పెయింటర్లు వాడే క్లియర్ కోటు పట్టించి ఆరబెట్టాడు.

తర్వాత వైరింగు. నాకు ఎక్కువ నచ్చింది ఇదే. రెండు డిమ్ బల్బులకు 110 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు. ఆ కరెంటంతా సన్నటి వైర్లలో, స్విచ్చి గుండా తిరిగి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. ఫిలమెంటు బల్బుకు పదో వంతు వోల్టేజీ తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. అందుకే బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి లావు వైరు తెచ్చి, డిమ్ముకొకటి, హైబీముకొకటి రిలేలు బిగించాడు. స్విచ్చి పని ఇప్పుడు రిలేను లేపడం వరకే. ఎర్త్ వైరు బిగించేచోట పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు వేశాడు. ఎవరూ చూడని చోట ఇంత శుభ్రం!

ఇక బల్బు సంగతి. 1971లో వచ్చిన హెచ్4లో రెండు ఫిలమెంట్లుంటాయి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కిందికి పోయే వెలుగును ఆపితే, మిగతాది రిఫ్లెక్టర్ పైసగానికి తగిలి రోడ్డు మీదకు దిగుతుంది. ఒకప్పుడు లారీల దీపాలకు పైసగం నల్లరంగు పూసి సాధించాలనుకున్నది ఈ దొప్ప అంతకంటే ఎంతో పొందిగ్గా చేస్తుంది. ఫిలమెంటు ఉన్న చోటును మిల్లీమీటర్లలో లెక్కగట్టి రిఫ్లెక్టర్ చేస్తారు. చవక ఎల్ఈడీ బల్బు చిప్పులు ఆ చోటికి సరిగ్గా రాకపోతే వెలుగు చెట్ల మీదకూ, ఎదుటివాడి కళ్లలోకీ చెదిరిపోతుంది. మరి ఎల్ఈడీ ఎందుకు వేయలేదని అడిగితే, "ఎదురోడికి కళ్లు కనపడకపోతే ఆడొచ్చి పడీది మన మీదే కదా బావు" అన్నాడు. బల్బు గాజుకు వేలు తగలకుండా గుడ్డతో పట్టుకుని లోపల పెట్టాడు.

చివర్న ఎత్తు సరిచేయడం. రైసుమిల్లు చదును కళ్లంలో, గోడకు పది మీటర్ల దూరాన బండి పెట్టాడు. గోడ మీద దీపం ఎత్తుకు ఒక సుద్దగీత, దానికి పది సెంటీమీటర్ల కింద ఇంకొకటి. కానీ స్క్రూ తిప్పే ముందు వెనక బియ్యం బస్తాలు నింపించాడు! పికప్‌కు లోడెక్కితే వెనక కమాన్లు కుంగి ముక్కు పైకి లేస్తుంది, దీపమూ లేస్తుంది. ఖాళీ బండి మీద ఎంత సరిగ్గా కొలిచినా రాత్రి ఘాట్‌లో అది తప్పే. "రేత్తిరి తిరిగీది లోడుతోనే కదా. కాళీ బండికి తొందరేటి?" అన్నాడు. వెలుగు అంచు కింది గీత మీదకు దిగింది. కుడివైపు అడ్డంగా, ఎడమవైపు మార్జిన్‌లో నడిచేవాళ్లు కనిపించేలా కాస్త ఏటవాలుగా పైకి.

ఒక్క విషయంలో నాకు పేచీ ఉంది. గ్రిల్లు వెంబడి నీలం ఎల్ఈడీ పట్టీ పెట్టాడు. ఇంత ఒద్దికైన పని పక్కన అదొక సంతంగడి సోకు. పిల్లల గొడవ పడలేక పెట్టానన్నాడు. అయితే దాని వైరును అయిదు పిన్నుల రిలేలో 87ఏ పిన్నుకు ఇచ్చాడు. హెడ్‌లైటు వెలిగిందంటే ఆ పట్టీ దానంతటదే ఆరిపోతుంది.