జీడి గుర్తు

ఈ వారం నా మనసు చెడగొట్టింది ఒక రెండాకుల మొలక. చేనులోది కాదు, ఫోన్‌లోది.

అయిజలో విత్తనాలు, ఎరువుల దుకాణం పెట్టబోతున్న మా మేనల్లుడు పంపించాడు. "లోగో చేయించిన, ఎట్లుందో చెప్పు మామా" అని కింద ఒక ముక్క. దోసిలి పట్టిన రెండు చేతులు, దోసిట్లో మొలక, వెనక సగం సూర్యుడు, చుట్టూ తోకలా సాగిన ఆకుపచ్చ గీత, అడుగున ఇంగ్లిష్‌లో రెండక్షరాలు. ఏదో యాప్ పది నిమిషాల్లో చేసిచ్చిందట. ఆ సాయంత్రం బజారులో నడుస్తూ లెక్కపెట్టాను. ఆకులున్న బోర్డులు ఏడు. మూడింటికి దోసిళ్లు కూడా ఉన్నాయి.

ఫ్లెక్సీ మీద నా పాత పగ ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. కొలువు దొరకకముందు రెండేళ్లు ఒక పెయింటర్ దగ్గర బోర్డులు రాశాను. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద బిగబట్టి టప్పున వదిలితే తెల్లటి గీత పడేది. అక్షరాలు ఆ గీత మీద నిలబడాలి. 'విత్తనాలు' అని రాయాలంటే ముందుగా ఒత్తుకు జాగా చూసుకోవాలి, లేకపోతే 'త' కింద అది చీమలా నలిగిపోతుంది. మా గురువు పెట్టే పరీక్ష ఒక్కటే: "రోడ్డుకు అవతల నిలబడి, కండ్లు సగం మూసుకొని చూడు. ఏం కనిపిస్తే అదే బోర్డు." మిగిలిందంతా పెయింటు ఖర్చు.

మేనల్లుడి లోగోను అట్లాగే చూశాను. ఒక ఆకుపచ్చ మచ్చ కనిపించింది.

లోగో అన్న మాటకు తెలుగు వెతుక్కోనక్కర్లేదు. గుర్తు ఉంది. ఏ గుర్తుకు ఓటేశావంటే బొమ్మ, గుర్తుందా అంటే జ్ఞాపకం. 1951-52 తొలి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. కాడెద్దులను పోల్చుకోవడానికి ఎవరికీ బడి చదువు అవసరం కాలేదు. స్టేట్ బ్యాంకు గుర్తునే చూడండి. అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి చెందిన శేఖర్ కామత్ 1971లో గీసింది. నీలం గుండ్రం, నడుమ చిన్న రంధ్రం, అక్కణ్నుంచి కిందికి ఒక చీలిక. పాస్‌బుక్కు మీద గోరంత ఉన్నా, గోడ మీద చేటంత ఉన్నా పోలిక మారదు. పిల్లవాడు బొగ్గుముక్కతో గీసినా అదేనని తెలుస్తుంది.

పనిలోంచి పుట్టిందే గుర్తు అన్నది నా ఇంకో మొండిపట్టు. గద్వాల చీరకు లోగో ఎవరు గీశారు? నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే పోగుపోగునా కలిపే ఆ కుట్టు, అంచు పొడవునా కోటకొమ్మలు. చూడగానే ఏ ఊరిదో చెప్పేస్తారు.

కాబట్టి మేనల్లుడికి పాఠం సిద్ధం చేసుకున్నాను. ఒకే రంగు ఉండాలి. రబ్బరు స్టాంపులో అలుక్కుపోకూడదు, గోనె సంచి మీద సిరాతో కొట్టినా తెలియాలి. చదువురాని రైతు కొడుకును పంపుతూ "ఫలానా బొమ్మ దుకాణంలో తేపో" అనగలగాలి. ఆ రాత్రే కూర్చొని నాలుగు కాగితాల మీద నాలుగు బొమ్మలు గీశాను. విచ్చిన పత్తికాయ, ఎద్దు మూపురం, గొర్రు, గొర్రు మీద విత్తనాలు పోసే జడ్డిగం. జడ్డిగం మీద నాకే ముద్దొచ్చింది.

దానికి నీడ దిద్దుతుంటే చెయ్యి దానంతటదే కాగితం మూలకు పోయి మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత పెట్టింది. మా ఇంటి జీడి గుర్తు.

మా చిన్నప్పుడు బట్టలుతికే అవ్వ ఇంటింటికీ ఒక గుర్తు పెట్టేది. నల్లజీడి గింజను పుల్లతో గుచ్చితే చిక్కటి రసం ఊరుతుంది. దాన్ని పంచె మూలన, చీర లోపలి అంచున అద్ది, పైన తడి సున్నం రాసేది. ఇక ఆ నలుపు పోదు. సవుడులో నానినా, బానలో ఉడికినా, బండకు బాదినా బట్ట చిరగాల్సిందే తప్ప గుర్తు చెరగదు. రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, అందుకే పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. ఇంగ్లిష్‌వాళ్లు ఆ గింజకు పెట్టుకున్న పేరే గుర్తుల గింజ అని.

మాకు మూడు చుక్కలు, అడ్డగీత. పక్కింటికి రెండు చుక్కలు, నడుమ ఇంటూ. ఎదురింటికి రెండు నిలువుగీతలు. వాడకట్టు మొత్తం ఆమె తలలోనే ఉండేది. అక్షరం ముక్క రాదు. ఇంత చిన్నగా, ఎవరికీ కనపడని చోట ఎందుకు పెడతావని ఒకసారి అడిగాను.

"నీకు కనపడాలని పెడ్తానా నాయనా? నాకు కనపడాలని" అంది.

ఒక దసరాకు మా నాయన ఉతికిన మూటలోంచి పంచె తీసి కట్టుకున్నాడు. మాది కాదు. మాదానికంటే సన్నపు నేత, కొత్తది. ఆయనకు తెలియదా? తెలుసు. అద్దంలో రెండుసార్లు చూసుకున్నాడు. మధ్యాహ్నానికి అవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడింది. "మూటలు మారినయి అయ్యా, తప్పు నాదే. జర ఆ మూల తిప్పి చూడుండ్రి." రెండు చుక్కలు, ఇంటూ. నాయన నవ్వలేక నవ్వి, లోపలికి పోయి విప్పి ఇచ్చాడు.

పెన్సిల్ కింద పెట్టాను. ఆ మూడు చుక్కలకు అందం లేదు. మా పొలం గురించి, మా ఇంటి గొప్ప గురించి అవి ఒక్క మాటా చెప్పలేదు. నేను సిద్ధం చేసుకున్న పాఠంలో సగం వాటి ముందు చెల్లదు. అయినా మూట మారిన పూటకే తప్పును పట్టి, దాని ఇంటికి దాన్ని చేర్చాయి.

హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే చేలల్లోనూ ఇంతే. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు తీసేసిన చెయ్యి దానికి ఎర్ర కాగితపు తొడుగు వేస్తుంది. పొద్దున క్రాసింగ్‌కు వచ్చిన చెయ్యి పచ్చటి చేనులో ఆ ఎరుపును వెతుక్కొని పోతుంది. ఆ ఎరుపు ఎవరినీ మురిపించడానికి కాదు.

విత్తనం ప్యాకెట్‌కే వద్దాం. ఖాళీ ప్యాకెట్, బిల్లు పంట చేతికొచ్చేదాకా దాచుకొమ్మని వ్యవసాయాధికారులు ఏటేటా చెబుతూనే ఉంటారు. మొలక రాకపోతే, కాయ పట్టకపోతే అడగడానికి అదే ఆధారం. 475 గ్రాముల పత్తి గింజలు మట్టిలో కలిసిపోయాక ఆ సంచి దూలం సందులో మిగిలి ఉంటుంది. దాని మీది బొమ్మకు పరీక్ష కొన్న రోజు కాదు, చేను మోసం చేసిన రోజు. నకిలీ విత్తనాల ప్యాకెట్ మీద ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. గద్వాల అంచునూ మరమగ్గం నేసేస్తోంది, అందుకే చీరకు భౌగోళిక గుర్తింపు కావాల్సొచ్చింది. అందాన్ని ఎవడైనా ఎత్తుకుపోతాడు. పూచీని ఎత్తుకుపోయేవాణ్ని నేను చూడలేదు.

ఆదివారం మేనల్లుడు వచ్చాడు. నాలుగు కాగితాలూ సొరుగులోనే ఉంచాను.

"ఆకులు ఉండనీ" అన్నాను. వాడు నమ్మలేదు. నా సంగతి తెలుసు కదా.

"ట్రేడ్‌మార్కు తీసుకోవాలనుకుంటే మాత్రం ఆకులతో కష్టం" అన్నాను. ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే చిన్న వ్యాపారికి తరగతికి 4,500 రూపాయల ఫీజు, దొరికితే పదేళ్లు చెల్లుతుంది. కానీ పక్కవాడిదానిలాగే ఉంటే అభ్యంతరం రాక మానదు.

"అది తర్వాత చూద్దాం మామా."

"సరే. ఆ ఇంగ్లిష్ అక్షరాలు రెండూ తీసేయి. నీ పేరు, కింద అయిజ, ఫోన్ నంబరు. బిల్లు మీద, సంచి మీద, స్టాంపులో అన్నిట్లో అదే ఉండాలి."

"మొలకలు రాకుంటే అందరూ నాకే ఫోన్ చేస్తరు గదా?"

నేనేమీ అనలేదు. వాడు టీ గ్లాసు తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు.

బోర్డు శుక్రవారం ఎక్కింది. ఆకులే, ఫ్లెక్సీయే. కింద మాత్రం తెలుగులో అయిజ. ఒత్తు లేని మాట, గీత మీద సుఖంగా కూర్చుంది. రోడ్డుకు అవతల నిలబడి, కళ్లు సగం మూసుకొని చూశాను. కనిపించింది. నంబరు కూడా ఉంది, కాస్త చిన్నగా.