మిణుకులేని రాత్రి

మేళ్లచెరువు పేరు చెబితే ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఎవరికైనా ముందు సిమెంటే గుర్తొస్తుంది. ఊరి కింద సున్నపురాయి, ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు, రాత్రంతా ఆరని దీపాలు. ఆకాశాన్ని ఫొటో తీసే సరదా ఉన్నవాడికి ఇంతకన్నా అధ్వానమైన చోటు ఉండదనిపిస్తుంది. పాలపుంతను తీయాలంటే ఆ మాట నిజమే. చంద్రుడికీ, గురుడికీ, శనికీ మాత్రం ఆ దీపాలతో పేచీ లేదు. వాటి వెలుగు ముందు వీధి దీపాల మసక లెక్కలోకి రాదు.

పేచీ అంతా గాలితోనే.

ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోప్ లెక్క ప్రకారం చంద్రుడి మీద కిలోమీటరు పైచిలుకు గుంటను కూడా పట్టుకోవాలి. నెత్తిమీది గాలి పట్టుకోనివ్వదు. వేడిగాలీ చల్లగాలీ కలిసే ప్రతిచోటా వెలుతురు కాస్త దారి తప్పుతుంది. నక్షత్రం మిణుకుమంటుంది, గురుడి మీది పట్టీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అందుకే ఈ పనిలో కొత్తవాళ్లు మురిసిపోయే రాత్రిని పాతవాళ్లు వదిలేస్తారు. వాన వెలిసి, గాలి వీస్తూ, చుక్కలన్నీ తళతళలాడే రాత్రి గ్రహాలకు పనికిరాదు. సన్నటి మంచుతెర పట్టి, చుక్కలు వెలవెలబోతూనే కదలకుండా నిలబడ్డ రాత్రి టెలిస్కోప్ బయటికి తేవాలి. చూడటానికి అందమైన ఆకాశం వేరు, ఫొటోకు లొంగే ఆకాశం వేరు.

ఎక్కడ నిలబెట్టాలన్నదీ తేలిక సంగతి కాదు. అందరూ డాబా ఎక్కుతారు. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడి నేరుగా టెలిస్కోప్ ముందు నుంచే పైకి లేస్తుంది. ఈ కాలమ్ ఓటు పెరటి మట్టినేలకే. సాగర్ ఎడమ కాల్వ కింద తడి పొలం పక్కన కాస్త జాగా దొరికితే ఇంకా మేలు. గ్రహం సరిగ్గా సిమెంట్ కొలిమి మీదుగా కనబడుతుంటే మాత్రం ఆగాల్సిందే. ఆ కొలిమిలో సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారయ్యేది 1,450 డిగ్రీల దగ్గర. ఫ్యాక్టరీ పొగగొట్టాల మీది గాలిలోంచి శని వలయం సాఫీగా కనబడాలనుకోవడం అత్యాశ.

తిథి చూసుకోవడం కూడా ఇందులో భాగమే, పంచాంగం ఉన్న ఇళ్లలో ఇది సులువు. పౌర్ణమి చంద్రుడి మీద ఎండ నిటారుగా పడుతుంది, నీడలుండవు, ఫొటో చప్పగా వస్తుంది. శుక్ల అష్టమికి వెలుగూ చీకటీ కలిసే గీత వెంట ప్రతి గుంటకూ పొడుగాటి నీడ ఉంటుంది. శంభులింగేశ్వర స్వామి జాతర జరిగే శివరాత్రికి చంద్రుడు తెల్లవారబోయే ముందు సన్నటి రేకలా వస్తాడు. ఆ రాత్రి గ్రహాలది.

ఇక కెమెరా పని. ఫొటో అంటారు గాని తీసేది వీడియో. సెకనుకు 150 ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలు తీస్తే 18,000 ఫ్రేములు. వాటిలో గాలి క్షణంపాటు నిలకడగా ఉన్నప్పుడు పడ్డవి కొన్నే. ఆటోస్టాకర్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ వాటిని ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్క బొమ్మ చేస్తుంది. పదో వంతు మిగిలితే మంచి రాత్రి అనుకోవాలి. ఎక్కువసేపు తీద్దామంటే గురుడు ఊరుకోడు, పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. నాలుగైదు నిమిషాలు దాటితే గురుడి మీది పెద్ద ఎర్రమచ్చ అంచు అలుక్కుపోతుంది.

ఇన్ని ఫ్రేములు పారేసే భోగం పాతవాళ్లకు లేదు. మేళ్లచెరువుకు కృష్ణ అవతల, గుంటూరులో, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫొటో తీసిన మేజర్ టెనెంట్ బృందం తడి గాజు పలకల మీద పనిచేసింది. రసాయనం ఆరేలోపే పలక పూసి, కెమెరాలో పెట్టి, కడిగేయాలి. ఉన్న వ్యవధి ఐదు నిమిషాలు దాటి కొద్దిసేపు, పైన పలచటి మబ్బు. అదే గుంటూరులో అదే గ్రహణం చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచు జ్వాలల్ని గ్రహణం లేకుండానే చూడవచ్చని తేల్చాడు.

పెరటి టెలిస్కోప్ అన్న మాటకు అసలైన తెలుగు ఉదాహరణ విశాఖపట్నం. డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు తన ఇంటి ఆవరణలోనే వేధశాల కట్టించాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని అక్కడి నుంచే గమనించి, సమయాలు రాసుకున్నాడు.

ఈ కళలో అసలు పరీక్ష పెట్టేది ఆఖరి మెట్టు, బొమ్మకు పదును పెట్టడం. కాస్త పెడితే దాగిన వివరం బయటపడుతుంది, ఇంకాస్త పెడితే లేనిది పుడుతుంది. అంగారకుడి వెలుగు అంచు లోపల నల్లటి చాపం ఒకటి ఎందరి ఫొటోల్లోనో కనబడుతుంది. అది అక్కడ లేదు, పదును పెట్టేకొద్దీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2023లో ఒక పేరున్న ఫోను మసక చంద్రుడి బొమ్మకు తనంత తానే గుంటలు చేరుస్తోందని తేలినప్పుడు జనం నవ్వారు. పదును మీటను చివరిదాకా లాగే పెరటి ఫొటోగ్రాఫరు చేసేదీ ఆ పక్క పనే. మసకగా ఉన్న నిజం బొమ్మే ఈ కాలమ్‌కు నచ్చుతుంది.

నచ్చడం ఒక్కటే కాదు, అవసరం కూడా, ఎందుకంటే పెరటి బొమ్మలోనే కొత్త సంగతి బయటపడవచ్చు. 2009 జులై 19న గురుడి మీద కొత్త నల్లమచ్చను మొదట పట్టుకున్నది ఆస్ట్రేలియాలో తన ఇంటి దగ్గర టెలిస్కోప్ పెట్టుకున్న ఆంథనీ వెస్లీ. ఏదో ఢీకొన్న మచ్చ అది. ఫిలిప్పీన్స్‌లోని సెబు నుంచి క్రిస్టఫర్ గో 2006లో గురుడి మీది చిన్న ఎర్రమచ్చ ఎర్రబడటాన్ని ముందుగా చూశాడు. సెబులాగే మేళ్లచెరువూ ఉష్ణమండలంలోనే ఉంది. 2026 జనవరిలో మిథునంలో ఉన్న గురుడు అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి ఎక్కాడు. లండన్‌లో ఆ ఎత్తు దొరకదు. నడినెత్తిన ఉంటే దాటాల్సిన గాలి తక్కువ.

అలాంటి మచ్చ కనబడి ఫొటో పంపాలంటే దాని కింద ప్రపంచ సమయం ఉండాలి, అంటే మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసెయ్యాలి. మేళ్లచెరువులో శనివారం తెల్లవారుజామున మూడున్నరకు తీసిన గురుడి కింద శుక్రవారం 22:00 అని రాయాలి. కొత్తవాళ్లు తారీఖు మార్చడమే మర్చిపోతారు.