నాచ్ పెంచితే నల్లపొగ

రాజోలు, సఖినేటిపల్లి వాళ్ళకి రైలంటే నర్సాపురమే. రేవులో పంటెక్కి వశిష్ఠ దాటితే స్టేషను. కరెంటు తీగలు రాకముందు అక్కడ డీజిల్ ఇంజను బయల్దేరడం చూడ్డం నాకో పిచ్చి. సామాన్లు పెట్టెలో పడేసి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచేవాణ్ణి. బండి కదిలిపోతుందని వెనకనించి ఇంట్లోవాళ్ళ కేకలు.

డ్రైవరు నాచ్ (ఇంజను జోరు పెంచే మెట్టు) పెంచగానే రైలుకన్నా ముందు పొగ లేచేది, కాటుకంత నల్లగా. ఆల్కో కంపెనీ ఇంజన్ల తీరే అంత. నాచ్ పెంచిన మరుక్షణం సిలిండర్లకి డీజిల్ ఎక్కువగా అందుతుంది. గాలిని నెట్టాల్సిన టర్బో మాత్రం ఇంజను వదిలే వేడి వాయువుతో తిరగాలి, అది వేగం పుంజుకోడానికి కాస్త వ్యవధి కావాలి. ఈలోగా సరిగ్గా కాలని డీజిలంతా పైకి కక్కేస్తుంది. ఊదుగొట్టం చేతికి రాకముందే పొయ్యిలో కొబ్బరి డొక్కలు కుక్కినట్టు!

ఇంత హడావిడి చేసే ఆ 16 సిలిండర్లు నేరుగా చక్రాల జోలికే పోవు. అవి తిప్పేది జనరేటర్ని. అక్కడ పుట్టిన కరెంటు ఆరు ఇరుసులకీ బిగించిన ఆరు మోటార్లకి వెళ్తుంది. నిలబడ్డ బండిని కదిలించేటప్పుడే ఆ మోటార్ల లాగుడు అన్నిటికన్నా ఎక్కువ. అందుకే గేర్ల గొడవ లేకుండా అంత పొడుగు రైలు కుదుపు లేకుండా కదులుతుంది.

ఆ ఇంజను మనకెలా వచ్చిందో చెప్పుకోవాలి. 1962లో రెండు అమెరికా కంపెనీల డీజిళ్ళు మన పట్టాలెక్కాయి. ఆల్కోది డబ్ల్యూడీఎం-2, జనరల్ మోటార్స్‌ది డబ్ల్యూడీఎం-4. రెండూ 2600 హార్స్‌పవరే. పనితనంలో రెండోదే మెరుగని తెలిసినవాళ్ళంటారు. కానీ తయారీ విద్య నేర్పడానికి జనరల్ మోటార్స్ ఒప్పుకోలేదు, ఆల్కో ఒప్పుకుంది. వారణాసి కార్ఖానాలో తయారైన మొదటి ఇంజన్ని 1964 జనవరి 3న లాల్ బహదూర్ శాస్త్రి జాతికి అంకితం చేశారు. ఆల్కో 1969లో మూతపడింది. అయినా మనవాళ్ళు 1990ల చివరిదాకా డబ్ల్యూడీఎం-2లు కడుతూనే ఉన్నారు, రెండున్నర వేలకు పైగా. అదే ఇంజన్ని 3100, 3300 హార్స్‌పవర్‌కి పెంచారు. పొగ సంగతి ఎలా ఉన్నా ఆ బేరం మంచిదే అంటాను. పుట్టిల్లు మూతపడ్డ యంత్రం ఇన్నేళ్ళు బతికిందంటే దాన్ని విప్పి బిగించడం మన షెడ్లలో వాళ్ళకి వచ్చు కనకే. అప్పుడు కాదన్న జనరల్ మోటార్స్ కూడా 1990ల్లో దారికొచ్చింది. 4000 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-4 అలా వచ్చిందే. గొప్ప ఇంజనే, కాదనను. కానీ దాని ఏకధాటి హోరు కన్నా స్టేషన్లో నిలబడ్డ ఆల్కో గుడగుడే నా చెవికి ఇంపు.

ఇక మన గోదావరి లంకల సంగతి. కాకినాడ నించి కోటిపల్లికి 1928లో రైలొచ్చింది. 1940లో యుద్ధం కోసం పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ వేసేసరికి 2004. ఆ దారిలో డీజిల్ రైలు బస్సు తిరిగింది. గౌతమి పాయకి ఇవతల, మా వైపు మాత్రం ఏమీ లేదు. జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరుగా ఉండగా మంజూరైన కోటిపల్లి-నర్సాపురం లైను మూడు గోదావరి పాయలు దాటాలి. పడవల వాళ్ళకి ఆ వంతెనల స్తంభాలు ఇప్పుడు ఆనవాళ్ళు.

ఇప్పుడు కొత్త లైన్లని తీగలతో సహా కడుతున్నారు. ఆ లైను మీద అమలాపురంలో రైలాగే నాటికి దాన్ని లాగేది కరెంటు ఇంజనే. దేశమంతా అరవై ఏళ్ళు ఏలిన డీజిల్‌ని మా ఊళ్ళు చూడకుండానే దాటేస్తాయన్నమాట. అయితే తీగలకన్నా ముందు పట్టాలు, కంకర పడాలి. ఆ కంకర బండికి డీజిల్ తప్ప గతిలేదు. ప్రారంభోత్సవం రైలు ఎవరైనా ఎక్కండి, నేను చూసేది కంకర బండి కోసం.