ఈస్ట్ కణం కొలిచేది ఇనుమునేనా? ‘సమతుల్యత’ భావనపై ఒక విమర్శ

ఈస్ట్ కణంలో ఇనుము నియంత్రణ గురించి పాఠ్యగ్రంథాలలో తరచుగా కనిపించే కథనం తక్కెడను పోలి ఉంటుంది. ఇనుము తగ్గితే ఆఫ్ట్1 అనే అనులేఖన కారకం కేంద్రకంలోకి చేరి, ఇనుమును లోనికి తెచ్చే జన్యువులను ఉత్తేజపరుస్తుంది. ఇనుము సరిపడా ఉంటే వైదొలగుతుంది. మిగులు ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఫెంటన్ చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్‌లను పుట్టిస్తుంది. అదే ఆక్సీకరణ ఒత్తిడికి మూలం. పరీక్షలో జవాబుగా ఇది చాలు. అయితే కణం అసలు దేనిని కొలిచి ‘తగ్గింది’, ‘పెరిగింది’ అని నిర్ణయిస్తున్నదో ఈ కథనం చెప్పదు. ‘సమతుల్యత’ అనే మాట ఆ ప్రశ్నను అడగనివ్వకుండా చేస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఆఫ్ట్1 గురించి 1995లో తొలిసారి తెలిసినప్పుడు దానిని ఇనుము గ్రాహకంగా భావించడం సహజమే. మాధ్యమంలో ఇనుము లేనప్పుడు ఫెట్3, ఎఫ్‌టిఆర్1 వంటి రవాణా ప్రోటీన్‌ల జన్యువులు దాని అధీనంలోనే చురుకవుతాయి. కాని శాకరోమైసిస్ సెరివిసియేపై 2004లో వెలువడిన ప్రయోగఫలితాలు ఆ భావనను కదిలించాయి. మైటోకాండ్రియాలో ఇనుము-గంధక గుచ్ఛాల తయారీని అడ్డుకుంటే, కణద్రవ్యంలో ఇనుముకు కొరత లేకపోయినా ఆఫ్ట్1 చురుకుగానే ఉండిపోయింది. గుచ్ఛాల తయారీతో ముడిపడిన సంకేతం జిఆర్‌ఎక్స్3, జిఆర్‌ఎక్స్4, ఫ్రా2 ప్రోటీన్‌ల ద్వారా ఆఫ్ట్1ను చేరి దానిని డీఎన్‌ఏ నుండి తప్పిస్తుందని తరువాతి పరిశోధనలు చూపాయి. అంటే కణం చూస్తున్నది గిడ్డంగిలోని ధాన్యాన్ని కాదు, వండి వడ్డించిన అన్నాన్ని.

ఈ భేదం వట్టి మాటల తేడా కాదనడానికి ఫ్రటాక్సిన్ చరిత్రే నిదర్శనం. మానవులలో ఫ్రీడ్‌రిక్ అటాక్సియాకు కారణమైన జన్యువును 1996లో గుర్తించారు. దానికి సమానమైన వైఎఫ్‌హెచ్1 జన్యువును తొలగించిన ఈస్ట్ కణాల మైటోకాండ్రియాలో ఇనుము విపరీతంగా పేరుకుంటుందని 1997లో వెల్లడైంది. తక్కెడ కథనానికి ఇది చక్కగా అమరింది: ఇనుము ఎక్కువైంది, ఫెంటన్ చర్య జరిగింది, కణం దెబ్బతిన్నది. అయితే అదే కణంలో ఆఫ్ట్1 ఇనుము కరువు ప్రకటిస్తూ మరింత ఇనుమును లోనికి లాగుతూ ఉంటుంది. నిండిన మైటోకాండ్రియా, ఆకలిగొన్న కేంద్రకం ఒకే కణంలో ఉన్నాయంటే ఏ పళ్లెం బరువైనదని చెప్పాలి? పైగా పేరుకున్న ఇనుములో అధికభాగం ఫెర్రిక్ ఫాస్ఫేట్ సూక్ష్మకణాలుగా ఉండి కణానికి ఉపయోగపడదు. ఫ్రటాక్సిన్ లోపించిన ఎలుకలపై 2001లో జరిగిన అధ్యయనంలోనూ ఇనుము-గంధక ఎంజైమ్‌ల లోపమే ముందు కనిపించింది. ఇనుము పేరుకోవడం ఆ తరువాతి సంగతి. మిగులు ఇనుమును మూలకారణంగా నిలిపిన వివరణ కార్యకారణ క్రమాన్ని తలకిందులు చేసింది. ఆక్సీకరణ నిరోధకంగా భావించిన ఐడెబెనోన్ ఈ వ్యాధి మూడవ దశ పరీక్షలలో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. ఆ వైఫల్యం ఒక్కటే పై వాదాన్ని రుజువు చేయదు, కాని దానికి విరుద్ధమూ కాదు.

ఆక్సీకరణ ఒత్తిడిని ఇనుము ఫలితంగా మాత్రమే చూడడం మరో లోపం. సూపరాక్సైడ్‌ను తొలగించే సాడ్1 ఎంజైమ్ లేని ఈస్ట్‌ను గాలిలో పెంచితే లైసిన్ అందించక తప్పదు. లైసిన్ తయారీలో పనిచేసే హోమోఅకోనిటేజ్‌లోని గుచ్ఛాన్ని సూపరాక్సైడ్ ఛేదించడమే ఇందుకు కారణం. ఈ కణాలలో విడి ఇనుము పెరుగుతుంది, ఇనుమును దిగుమతి చేసుకునే జన్యువుల చురుకుదనమూ పెరుగుతుంది. ఒత్తిడి ఇక్కడ ఫలితమే కాదు, సంకేతాన్ని తారుమారు చేసే కారణం కూడా. పెరాక్సైడ్‌ను గ్రహించే మార్గం వేరుగా ఉంది: జిపిఎక్స్3 ద్వారా యాప్1లో డైసల్ఫైడ్ బంధం ఏర్పడుతుంది. రెండు గ్రాహక మార్గాలను ఒకే ‘ప్రతిస్పందన’గా కలిపి చెప్పడం బోధనకు సులువు, అవగాహనకు చేటు.

పాత కథనంలో నిలిచే అంశం లేకపోలేదు. రిక్తికలోకి ఇనుమును చేర్చే సిసిసి1 లేకుంటే ఈస్ట్ అధిక ఇనుమును తట్టుకోలేదు. మిగులు ఇనుము నిజంగానే విషం. అయితే సిసిసి1 జన్యువును ఉత్తేజపరిచే యాప్5 సైతం ఇనుము-గంధక గుచ్ఛాన్ని ధరించే స్పందిస్తుంది. కొరత కాలంలో సిటిహెచ్2 చేసే పనీ తూకం కాదు. ఇనుము అవసరమైన కొన్ని మార్గాల సందేశ ఆర్‌ఎన్‌ఏలను నాశనం చేసి, ఉన్న ఇనుమును ఇతర అవసరాలకు మిగల్చడం అది. కరువు ఏడాదిలో ఏ మడికి నీరు ఆపాలో నిర్ణయించే రైతు పని వంటిది.

ఇక ‘ఈస్ట్‌లో’ అనే సర్వనామప్రాయమైన ప్రయోగం. షైజోశాకరోమైసిస్ పాంబే కూడా ఈస్టే, కాని దాని ఫెప్1 ఇనుము ఉన్నప్పుడు జన్యువులను అణచే కారకం. ఆఫ్ట్1కు నిర్మాణంలోనూ పోలిక లేదు. ఈస్ట్ నుండి మానవ కణానికి దూకేవారు శాకరోమైసిస్‌కు ఫెరిటిన్ లేదన్న సంగతిని ముందుగా లెక్కించాలి. జంతుకణాలలో ఐఆర్‌పి1 మాత్రం ఈ చర్చకు ఆసక్తికరమైన సాక్షి: గుచ్ఛం ఉన్నంతవరకు అది అకోనిటేజ్ ఎంజైమ్, గుచ్ఛం పోతే ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే నియంత్రకం.