మణికట్టుకు అచ్చుపోసిన పట్టీ

ఏడో నెల దాటాక కొందరు గర్భిణులకు చేతులు మొద్దుబారి అర్ధరాత్రి మెలకువ వస్తుంది. లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే గానీ తిమ్మిరి వదలదు. బుచ్చిరెడ్డిపాలెం లాంటి వరిపొలాల ఊళ్లో, మొన్నమొన్నటి దాకా నాట్లకూ కలుపుకూ వెళ్లిన మనిషైతే, 'నీరు పట్టిందిలే, కాన్పయితే పోతుంది' అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు. నీరు మాట నిజమే. కానీ కాన్పుదాకా నిద్రలేకుండా గడపాల్సిన పనిలేదు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు, వాటిమీద అడ్డంగా సాగని నారపట్టీ. ఆ ఇరుకుదారిలోంచే తొమ్మిది టెండన్లు, వాటి పక్కన మీడియన్ నరం వెళ్లాలి. ఒంట్లో నీరు చేరితే లోపల ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు.

మంచి డాక్టరు మొదట అడిగే ప్రశ్న నాకు భలే ఇష్టం: "చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతుందా అమ్మా?" ఆ వేలికి వేరే నరం. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారి చిటికెన వేలు బాగుంటే నొక్కుడు ఎక్కడుందో దాదాపు తెలిసిపోయినట్టే. బొటనవేలి మొదట్లో అరచేతి చర్మానికి స్పర్శ మామూలుగానే ఉంటుంది. అక్కడికెళ్లే కొమ్మ ముందే విడిపోయి నారపట్టీ పైనుంచి పోతుంది. సూది లేదు, మిషను లేదు. తెలిసిన చెయ్యి, అడిగే ఓపిక చాలు.

ఇక రాత్రిళ్లు మణికట్టుకు కట్టుకునే పట్టీ. 1981లో గెల్బర్‌మన్ బృందం ఆ దారిలో ఒత్తిడిని కొలిచింది: మామూలు చేతుల్లో సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం, జబ్బు చేతుల్లో 32. ఆ జబ్బు చేతుల్లోనే మణికట్టు లోపలికి వంచితే 94. నిద్రలో మనలో చాలామందిమి చెయ్యి వంచుకునే పడుకుంటాం. అందుకే రాత్రిళ్లు దాన్ని తిన్నగా నిలపాలి.

ఈ పట్టీ కోసం ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరచి, ముంజేతిమీద తడిగుడ్డలా వాలనిస్తారు. వేలికొసలతో నొక్కరు, నొక్కితే ఆ గుంటలే తర్వాత ఒరుసుకుంటాయి. అరచేత్తో నిమురుతూ ఆకారం తెస్తారు. గట్టిపడటానికి కొద్ది నిమిషాలే, తడబడటానికి వీల్లేదు. పైఅంచు అరచేతి మడత దగ్గరే ఆగాలి, పిడికిలి పూర్తిగా ముడుచుకోవాలి. బొటనవేలు ఆడాలి. చిటికెన వేలి వైపు మణికట్టు ఎముక దగ్గర పలకను కాస్త ఉబ్బిస్తారు. గర్భిణి చెయ్యి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉబ్బుతుంది కాబట్టి పలకను బిగించే పట్టీలు వెడల్పుగా, వదులు చేసుకునేలా ఉండాలి. బిగిస్తే ఆ పట్టీయే మళ్లీ నరాన్ని నొక్కుతుంది.

షాపులో కొనే బెల్టుల్లో లోపలి లోహపు రేకు చాలాసార్లు మణికట్టును వెనక్కి వంచి ఉంచుతుంది. తెలిసినవాళ్లు ఆ రేకును బయటికి లాగి తిన్నగా చేసి మళ్లీ దూరుస్తారు. ఒక్క నిమిషం పని, ఫలితం మాత్రం రాత్రంతా.

ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బి, తలనొప్పి, చూపు మసకబారడం తోడైతే పట్టీతో ఆగకుండా వెంటనే ఆసుపత్రికెళ్లి బీపీ చూపించుకోవాలి. కాన్పయ్యాక చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. పాలిచ్చేటప్పుడు మాత్రం బిడ్డ తల బరువు వంగిన మణికట్టుమీద పడకుండా మోచేతి కింద దిండు పెట్టుకోవాలి. తగ్గకపోగా బొటనవేలి మొదటి కండ కరుగుతుంటే ఆలస్యం చేయకుండా సర్జన్‌కు చూపించాలి.