లారీ బ్యాటరీ ఎంచే చెయ్యి

లారీ స్టార్ట్ కాకపోతే కొత్త బ్యాటరీ పెట్టేస్తే సరిపోతుందనుకుంటాం. విజయవాడ ఆటోనగర్‌లో పని తెలిసిన మెకానిక్ మాత్రం ముందు పాతదాని మూతలు విప్పి, హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్లులో యాసిడ్ పీల్చి దాని సాంద్రత చూస్తాడు. ఐదు సెల్లులు 1.250 దగ్గరుండి ఆరోది 1.150కి పడితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. అన్నీ సమానంగా దిగితే అనుమానం ఆల్టర్నేటర్ మీదికి, బెల్టు మీదికి మళ్లుతుంది. ఓనరుకు అనవసరపు ఖర్చు తప్పించే చూపు ఇది, ఎంత మెచ్చుకున్నా తక్కువే. రెండు బ్యాటరీల్లో ఒక్కటే పాడైతే జత మార్చమనడం అమ్ముకోవడానికేనని కొందరి ఆరోపణ. కానీ లారీలో 24 వోల్టుల కోసం 12 వోల్టులవి రెండు వరుసగా కలుపుతారు కనుక రెండిట్లోనూ పారేది ఒకటే కరెంటు: సత్తువ తగ్గిన పాతది ముందే నిండి కాగిపోతుంది, కొత్తది సగం ఆకలితోనే ఉండిపోతుంది. రెండోది కూడా దాదాపు కొత్తదే అయితే, జత అక్కర్లేదని అతనే చెబుతాడు.